చెర్రీలు వేసి కాచిన మ్యాడ్ ఎల్ఫ్: కనుమ రాత్రి మా తోటలో తాగి చూశాం

మా బావమరిది అమెరికాలో, పెన్సిల్వేనియా రాష్ట్రం హ్యారిస్‌బర్గ్ దగ్గర ఉంటాడు. ఈసారి సంక్రాంతికి వస్తూ నాలుగు చిన్న బీరు సీసాలు లుంగీల్లో చుట్టి సూట్‌కేసు మధ్యలో పెట్టుకొచ్చాడు. ఒక్కోటి 355 మిల్లీలీటర్లు. నాలుగూ కలిపినా లీటరున్నర లోపే, కస్టమ్స్ వాళ్లు ఒప్పుకునే రెండు లీటర్ల లెక్కకు సరిపోయింది. పేరు మ్యాడ్ ఎల్ఫ్. ఆ రాష్ట్రంలోనే, చాక్లెట్లకు పేరుపడ్డ హెర్షీ ఊళ్లో ట్రోగ్స్ అనే బ్రూవరీ, అంటే బీరు తయారుచేసే చోటు, ఉంది, ఇద్దరు అన్నదమ్ములు పెట్టింది. చెర్రీపండ్లు, తేనె వేసి క్రిస్మస్ కాలానికి మాత్రమే వాళ్లు చేసే ఏల్ రకం బీరు ఇది. ఆల్కహాలు 11 శాతం.

నాకు ఉలవపాడు దగ్గర మామిడి, సపోటా తోట ఉంది. పండు పేరు చెప్పి ఏది నోటి ముందుకొచ్చినా నేను ముందు చూసేది ఒకటే: అది పండా, ఎసెన్సా? పైగా మన దగ్గర చెర్రీ అంటే బేకరీ కేకు మీద ఎర్రగా మెరిసేదే కదా. అది చాలాచోట్ల చెర్రీయే కాదు. మన వాక్కాయను గింజ తీసి, పంచదార పాకంలో ఊరబెట్టి, రంగు పట్టించి అమ్ముతారు. ఆ పాకం రుచే వస్తుందేమోనని మనసులో అనుమానం పెట్టుకునే గ్లాసు పట్టుకున్నాను.

భోగి, పండగ రెండు రోజులూ సీసాలు ముట్టుకోలేదు. కనుమ నాడు రాత్రి, గారెలు, నాటుకోడి పులుసు అయ్యాక, మోటారు షెడ్డు ముందు మంచాలు వేసుకుని మొదటిది తీశాం. తప్పు అక్కడే చేశాం. బీరే కదా అని ఫ్రిజ్‌లో గడ్డకట్టేంత చల్లగా పెట్టాం. మొదటి గుక్కలో తీపి, మంట, అంతే. దగ్గు మందు గుర్తొచ్చింది. మా మామగారు ఒక చుక్క నాలిక మీద వేసుకుని, "ఏం అబ్బయ్యా, దీనికా ఇంత దూరం నుంచి మోసుకొచ్చింది?" అన్నారు. బావమరిది ముఖం చిన్నబోయింది. "కాసేపు ఆగు బావా, చలి దిగనీ" అని గ్లాసులు గట్టు మీద పెట్టాడు.

ఇరవై నిమిషాల తర్వాత అదే గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకుంటే నాకు ఒళ్లు జలదరించింది. బుట్టలో రెండు రోజులు మగ్గిన రేగిపండ్ల వాసన. భోగిపళ్ల కోసం తెచ్చి పిల్లల మీద పోయగా మిగిలినవి మూల గదిలో ఉంటే తలుపు తీయగానే వస్తుందే, సరిగ్గా అది. బ్యాటరీ లైటు వెలుగులో పట్టి చూస్తే పండిన దానిమ్మ గింజ రంగు. నోట్లో ముందు తేనె తగులుతుంది, వెంటనే పండు పులుపు, ఆ తర్వాత నేరేడు పండు తిన్నట్టు నాలిక పక్కల కొద్దిగా వగరు. చివర్లో లవంగం ఘాటు. లవంగాలు వేశారా అని అడిగాను. వేయరట, అది బీరును పులియబెట్టే ఈస్టు తెచ్చే వాసనట. హెర్షీ అనగానే చాక్లెట్ వేసి ఉంటారనుకున్నా, అదీ లేదు. ఇందులో పడేది చాక్లెట్ మాల్ట్, అంటే మొలకెత్తించి నల్లబడేదాకా వేయించిన బార్లీ గింజ, అంతే.

పండు నిజమైనదే. ఎందుకంత గట్టిగా చెబుతున్నానంటే, ఎసెన్సు అయితే వాసన పెద్దగా, పులుపు లేకుండా ఉంటుంది. ఇందులో అందుకు తలకిందులు. పండులోని చక్కెరను ఈస్టు తినేస్తుంది, పులుపూ వగరూ మిగులుతాయి. పొద్దున దించిన తియ్యటి తాటికల్లు సాయంత్రానికి పులిసి ఎక్కేది ఇందుకే కదా. ఇక్కడ తీపి అనిపించిందంతా మాల్ట్‌దీ, తేనె వాసనదీ అని నా నాలిక చెప్పింది.

నాకు నచ్చనిదీ ఉంది. సగం గ్లాసు దాటాక తీపి బరువెక్కుతుంది. ఒక సీసా ఇద్దరు పంచుకుంటేనే బాగుంటుంది. లెక్క చూసినా అంతే: 355 మిల్లీలీటర్లలో 11 శాతం అంటే 39 మిల్లీలీటర్ల ఆల్కహాలు. 5 శాతం ఉండే 650 మిల్లీలీటర్ల పెద్ద బీరులో ఉండేది 32 చిల్లర. చిన్న సీసా కదా అని తేలిగ్గా తీసుకోకూడదు. ఆ రాత్రే కారు నడుపుకుంటూ కావలి వెళ్లాల్సిన మా తోడల్లుడికి ఒక్క చుక్క కూడా పోయలేదు, ఆయన అలిగినా సరే.

తోడుగా ఏం తినాలంటే, కారం మాత్రం వద్దు. మిగిలిన కోడి పులుసు ముక్క ఒకటి నంజుకుంటే గొంతంతా మండిపోయింది, చెర్రీ మాయమైంది. వేయించిన వేరుశనగలు పర్వాలేదు. అసలు జోడీ దొరికింది మా ఆవిడ పళ్లెంలో తెచ్చిపెట్టిన అరిసెలతో. అరిసె కొరికి, నువ్వులు పంటికింద నలుగుతుండగా ఒక గుక్క తాగితే బెల్లం పాకమూ ఆ మాడిన బార్లీ వాసనా కలిసి ఒకటే అయిపోయాయి. మామగారు అరిసెలో సగం తుంచి ఇంకొంచెం పోయమని గ్లాసు ముందుకు జరిపారు. బావమరిది అప్పుడు నవ్వాడు.

ఆ రాత్రి రెండు, ముక్కనుమ నాడు ఒకటి అయిపోయాయి. నాలుగోది ఫ్రిజ్ అడుగు అరలో, గుడ్డ చుట్టి, వెలుతురు తగలకుండా నిలబెట్టాను. ఇంత ఆల్కహాలు ఉన్న ఏల్ నిలవ ఉంటుందన్నాడు మా వాడు. వచ్చే కనుమకు వాడు కొత్తది తెస్తే పాతదీ కొత్తదీ పక్కపక్కన పోసి, ఏడాదిలో పండు ఎంత తగ్గిందో, తేనె ఎంత పైకొచ్చిందో చూడాలి. ఈసారి అరిసెలు ముందే పెట్టుకుంటాం.