శాంపులింగ్ డిస్ట్రిబ్యూషన్ బుర్రకెక్కాలంటే ఏది మేలు: ఫార్ములానా, చేత్తో వేసి చూడటమా, కంప్యూటర్ సిమ్యులేషనా?

స్టాటిస్టిక్స్ కొత్తగా మొదలుపెట్టిన వాళ్ళు సగటు, మీడియన్ (వరసలో పెడితే సరిగ్గా మధ్యలో వచ్చే అంకె), స్టాండర్డ్ డీవియేషన్ (అంకెలు సగటు నుంచి ఎంత చెదిరాయో చెప్పేది) దాకా గబగబా వచ్చేస్తారు, తీరా శాంపులింగ్ డిస్ట్రిబ్యూషన్ దగ్గరికొచ్చేసరికి బండి ఆగిపోతుంది. నాదీ అక్కడే ఆగింది. సిగ్మా బై రూట్ ఎన్ అని కంఠతా పట్టేశా, లెక్కలన్నీ కరెక్ట్‌గానే చేశా, మార్కులూ వచ్చాయి, కానీ అప్పట్లో ఎవరైనా "ఇంతకీ ఈ డిస్ట్రిబ్యూషన్ దేనిది, ఇందులో ఉన్న ఒక్కో చుక్కా ఏంటి?" అని అడిగుంటే నోరు తెరవలేకపోయేవాణ్ణి. తర్వాత జూనియర్లకి చెప్పాల్సొచ్చినప్పుడు మూడు దారులూ వాళ్ళతో పాటు నేనూ మళ్ళీ నడిచా, మూడింట్లో ఏది ఎక్కడిదాకా తీసుకెళ్తుందో అప్పుడు తెలిసింది.

ముందు పారామీటర్, స్టాటిస్టిక్ అనే రెండు మాటలు తేల్చుకుందాం, ఇక్కడ తడబడితే తర్వాత అంతా తడబాటే. మనకి తెలుసుకోవాలని ఉన్న మొత్తం గుంపు పాపులేషన్, ఆ మొత్తానికి సంబంధించిన అంకె పారామీటర్. అది ఒక్కటే ఉంటుంది, కదలదు, కాకపోతే మామూలుగా మనకి తెలీదు. ఆ గుంపులోంచి కొందర్ని తీసి వాళ్ళ మీద లెక్కేసిన అంకె స్టాటిస్టిక్. ఇది మన చేతిలోనే ఉంటుంది, తెలుసు, కానీ ఇంకో శాంపిల్ తీసుంటే ఇంకో అంకె వచ్చేది. అంటే కదలనిదేమో తెలీదు, తెలిసిందేమో కదులుతుంది, అసలు చిక్కంతా ఇదే. ఈ రెండు మాటల్ని ఇప్పుడు మనం వాడే అర్థంలో విడదీసి వాడింది స్టాటిస్టీషియన్ రొనాల్డ్ ఫిషర్, 1922లో రాసిన పేపర్లో. అంతకుముందు రెండింటికీ చాలాసార్లు ఒకే పేరు పెట్టి నెట్టుకొచ్చేవాళ్ళు, కాబట్టి ఇవాళ మొదటిసారి చదివేవాళ్ళు కలిపేసుకుంటే వాళ్ళ తప్పేం లేదు.

ఇక శాంపులింగ్ డిస్ట్రిబ్యూషన్ అంటే, ఒకే సైజులో తీయగలిగిన శాంపిల్స్ అన్నీ తీసి, ప్రతిదానికీ ఆ స్టాటిస్టిక్ లెక్కేసి, ఆ అంకెలన్నీ ఒక చోట పరిస్తే వచ్చే పంపకం. చదివితే సింపుల్‌గానే ఉంటుంది. కానీ ఎవరి డేటాలోనూ ఇది కనపడదు, మన దగ్గర ఉన్నది ఒక్క శాంపిల్ కదా, మిగతావి తీయనే లేదు. కనపడని దాన్ని ఊహించుకోవాలి, అందుకే ఏ దారిలో నేర్చుకుంటున్నామన్నది ఇంత ముఖ్యం.

ఫార్ములా దారి సంగతి ముందు చూద్దాం, ఎక్కువమందికి ముందు తగిలేది అదే కాబట్టి. సగటుకి స్టాండర్డ్ ఎర్రర్ (శాంపిల్ శాంపిల్‌కీ సగటు ఎంత చెదురుతుందో చెప్పే అంకె) కావాలంటే పాపులేషన్ స్టాండర్డ్ డీవియేషన్‌ని శాంపిల్ సైజు వర్గమూలంతో భాగించు, అయిపోయింది, సిగ్మా బై రూట్ ఎన్ అంటే ఇదే. దీని బలం తక్కువేం కాదు. ఒక్క శాంపిల్ కూడా తీయకముందే ఎంత తేడా రావచ్చో చెప్పేస్తుంది. అవును, కాదు అని జవాబొచ్చే ప్రశ్న 1000 మందిని అడిగితే, జవాబులు సగం సగంగా ఉన్నాయనుకుంటే, 95 శాతం నమ్మకంతో అటూ ఇటూ సుమారు 3.1 శాతం పాయింట్ల తేడా ఉంటుందని కూర్చున్న చోటే తేలిపోతుంది, ఆ తేడాని సగం చేయాలంటే 2000 మంది చాలరు 4000 మంది కావాలని కూడా ఆ రూట్ గుర్తే చెబుతుంది. ఇంకోటి, ఆ ఫార్ములాలో పాపులేషన్ సైజు ఎక్కడా లేదు చూడండి, గుంపు శాంపిల్ కంటే బాగా పెద్దదైతే చాలు, లక్షమందైనా కోటిమందైనా 1000 మంది శాంపిల్ ఇచ్చే కచ్చితత్వం దాదాపు ఒకటే. చాలామంది నమ్మలేని నిజం ఇది, ఫార్ములా ఒక్క లైన్లో తేల్చేస్తుంది.

కానీ అర్థం చేసుకోవడానికి మొదటి మెట్టుగా మాత్రం నేను ఫార్ములాని ఒప్పుకోను. ఆ ఎన్ ఏంటి, ఒక శాంపిల్‌లో ఎంతమంది ఉన్నారనా, ఎన్ని శాంపిల్స్ తీశామనా? సిగ్మా ఎవరిది? భాగించాక వచ్చింది దేని చెదురు? వీటిలో ఒక్కదానికీ జవాబు తెలీకపోయినా కాలిక్యులేటర్‌లో సరైన అంకె వచ్చేస్తుంది, అదే ప్రమాదం. అర్థం కాలేదని కూడా అర్థం కాకుండా ముందుకెళ్ళిపోతాం.

ఇప్పుడు చేత్తో వేసే దారి. ఐదు చీటీలు తీసుకోండి, వాటి మీద 2, 3, 5, 8, 12 అని రాయండి. ఇదే మన మొత్తం పాపులేషన్, దీని సగటు 6, మీడియన్ 5, ఇవి పారామీటర్లు. ఇప్పుడు రెండేసి చీటీలు తీయడానికి ఎన్ని రకాలున్నాయో అన్నీ రాయండి, పదే వస్తాయి. 2, 3 జతకి సగటు 2.5. 2, 5 అయితే 3.5. 2, 8 అయితే 5. 2, 12 అయితే 7. ఆ తర్వాత 3తో మొదలయ్యేవి 4, 5.5, 7.5. 5తో మొదలయ్యేవి 6.5, 8.5. ఆఖరిది 8, 12 జత, 10. ఈ పది అంకెలే శాంపులింగ్ డిస్ట్రిబ్యూషన్! గ్రీకు అక్షరం ఒక్కటీ లేకుండా కాగితం మీద మొత్తం దిగిపోయింది.

ఇప్పుడు ఆ పదింటినీ తీరిగ్గా చూడండి. కూడితే 60, అంటే వాటి సగటు సరిగ్గా 6. కానీ పదింట్లో ఒక్కటి కూడా 6 కాదు! నేను ఇది మొదటిసారి గమనించినప్పుడు కాసేపు అలానే కూర్చుండిపోయా. అన్‌బయాస్డ్ అంటే శాంపిల్ సగటు పారామీటర్‌ని కొట్టి తీరుతుందని కాదు, తప్పులన్నీ అటూ ఇటూ సరిపోతాయని మాత్రమే. ఈ ముక్క ఫార్ములాలో ఎంతసేపు వెతికినా ఇలా కళ్ళకి కట్టదు.

చీటీలు మూడేసి తీస్తే కూడా పది శాంపిల్సే వస్తాయి, సగటులు 3.33 నుంచి 8.33 దాకా ఉంటాయి. రెండేసి తీసినప్పుడు 2.5 నుంచి 10 దాకా ఉన్నవి దగ్గరికి జరిగాయి, శాంపిల్ పెరిగితే చెదురు తగ్గుతుందంటే ఇదే. అదే మూడేసి చీటీలకి మీడియన్ వేసి చూడండి, 3 మూడుసార్లు, 5 నాలుగుసార్లు, 8 మూడుసార్లు వస్తుంది, సగటు తీస్తే 5.3. అసలు మీడియన్ 5 కదా, అంటే ఈ గుంపులో శాంపిల్ మీడియన్ కొంచెం పైకే చూపిస్తోంది. సగటుకి పట్టిన అదృష్టం ప్రతి స్టాటిస్టిక్‌కీ పట్టదన్నమాట.

ఇంకో సంగతి, ఇది నాకు బాగా ఇష్టమైనది. ఈ ఐదు చీటీల స్టాండర్డ్ డీవియేషన్ సుమారు 3.63, రూట్ రెండుతో భాగిస్తే 2.57 రావాలి. కానీ మనం రాసుకున్న పది సగటుల చెదురు లెక్కేస్తే 2.22 వస్తుంది. తప్పు ఎక్కడ? లెక్కలో లేదు. ఆ ఫార్ములా ఒక్కో చీటీ తీసి చూసి మళ్ళీ డబ్బాలో వేసేసినప్పటి లెక్క, మనమేమో తీసింది వెనక్కి వేయలేదు. వెనక్కి వేస్తూ తీస్తే 25 జతలు వస్తాయి, వాటికి లెక్కేస్తే అచ్చంగా 2.57. వేయకుండా తీస్తే ఒక దిద్దుబాటు గుణించాలి, చిన్న గుంపులో అది బాగా తెలుస్తుంది, పెద్ద గుంపులో దాదాపు కనపడదు. శాంపిల్‌లో ఒకటి ఇంకోదాని మీద ఆధారపడకూడదనే షరతు ఆ ఫార్ములా వెనక దాక్కుని ఉందని నాకు తెలిసింది ఈ చీటీల వల్లే.

శాంపిల్ వేరియన్స్ (స్టాండర్డ్ డీవియేషన్ వర్గం) లెక్కేసేటప్పుడు ఎన్‌తో కాకుండా ఎన్ మైనస్ ఒకటితో ఎందుకు భాగిస్తారనే పాత ప్రశ్న కూడా ఇక్కడే తీరిపోతుంది. ఆ 25 జతల్లో ప్రతిదానికీ వేరియన్స్‌ని రెండుతో భాగించి లెక్కేస్తే వాటి సగటు 6.6 వస్తుంది, అసలు వేరియన్స్ 13.2, అంటే సగమే. అదే రెండు మైనస్ ఒకటితో భాగిస్తే సగటు సరిగ్గా 13.2. స్ప్రెడ్‌షీట్‌లో స్టాండర్డ్ డీవియేషన్‌కి రెండు ఫంక్షన్లు, పేరు చివర ఒకదానికి పి, ఒకదానికి ఎస్ ఎందుకున్నాయో ఇక వేరే చెప్పక్కర్లేదు, పి మొత్తం గుంపు చేతిలో ఉన్నప్పుడు, ఎస్ శాంపిల్ మాత్రమే ఉన్నప్పుడు.

మరి చేత్తో వేయడమే గొప్పదైతే అదే చాలుగా అంటే, చాలదు. ఐదు చీటీల దగ్గర పది శాంపిల్స్, 20 చీటీల్లోంచి ఐదేసి తీస్తే 15,504, 50 చీటీల్లోంచి పదేసి తీస్తే 1,027 కోట్లు దాటిపోతాయి. పది చుక్కల్లో ఆకారం కూడా పెద్దగా కనపడదు, గంట ఆకారం ఎలా పుట్టుకొస్తుందో చూడాలంటే ఈ దారి ఇక్కడితో ఆగిపోతుంది.

అక్కడ అందుకునేది సిమ్యులేషన్. అన్ని శాంపిల్సూ తీయలేం కాబట్టి ఒక 10,000 తీసి చూద్దాం అనే ఆలోచన. ఇది కంప్యూటర్ వచ్చాక పుట్టింది అనుకుంటారు గానీ కాదు, గిన్నిస్ బ్రూవరీలో పనిచేసిన విలియం గాసెట్ 'స్టూడెంట్' అనే మారు పేరుతో 1908లో వేసిన పేపర్ కోసం చేసింది ఇదే. 3000 మంది నేరస్థుల ఎత్తు, ఎడమ చేతి మధ్య వేలి పొడవు కొలతలు అట్టముక్కల మీద రాసుకుని, బాగా కలిపి, నాలుగేసి చొప్పున 750 శాంపిల్స్ చేసి, ఒక్కోదానికీ లెక్కలు వేసుకుని, తను కట్టిన గణితం సరిపోతోందా అని చూసుకున్నాడు. చిన్న శాంపిల్స్‌కి వాడే టీ డిస్ట్రిబ్యూషన్ కథ అదే. అంత గణితం తెలిసినాయన కూడా అట్టముక్కలు కలిపి చూసుకున్నాడంటే మనం చీటీలు రాసుకోవడానికి మొహమాటపడక్కర్లేదు.

సిమ్యులేషన్ బలమంతా ఆకారం చూపించడంలో ఉంది. ఒక పక్కకి బాగా సాగిపోయిన పాపులేషన్ తీసుకుని రెండేసి, పదేసి, యాభయ్యేసి శాంపిల్స్ తీస్తూ సగటుల హిస్టోగ్రామ్ (ఏ అంకెలు ఎన్నిసార్లు వచ్చాయో చూపే కడ్డీల బొమ్మ) గీస్తే, వంకర మెల్లగా సర్దుకుని గంట ఆకారానికి దగ్గరవడం కళ్ళముందే జరుగుతుంది, సెంట్రల్ లిమిట్ థియరం అన్నది ఒక్కసారి ఇలా చూసినవాళ్ళు మర్చిపోరు. మీడియన్, గరిష్ఠం, రెండు సగటుల నిష్పత్తి లాంటి వాటికి సులువైన ఫార్ములా దొరకదు, సిమ్యులేషన్‌కి అవన్నీ ఒకటే, ఒక లైన్ మారిస్తే చాలు. మరీ దూరపు విలువలు తరచూ వచ్చే కోషీ డిస్ట్రిబ్యూషన్ మీద కూడా నడిపి చూడండి, వెయ్యేసి తీసిన సగటు కూడా ఒక్క విలువ ఎంత చెదురుతుందో అంతే చెదురుతుంది, తగ్గనే తగ్గదు, దానికి అసలు స్టాండర్డ్ డీవియేషనే లేదు మరి, రూట్ ఎన్ మాటే అక్కడ చెల్లదు.

కానీ ఇందులో ఒక గొయ్యి ఉంది, నేను చూసిన జూనియర్లలో చాలామంది పడ్డారు. సిమ్యులేషన్‌లో రెండు అంకెలుంటాయి, ఒకటి శాంపిల్ సైజు, రెండోది ఎన్నిసార్లు తీయాలన్నది. 10,000 సార్లని లక్ష సార్లు చేస్తే హిస్టోగ్రామ్ నున్నగా అవుతుంది, సన్నబడదు. సన్నబడాలంటే శాంపిల్ సైజే పెరగాలి. బటన్ నొక్కగానే బొమ్మ వచ్చేస్తుంది కాబట్టి ఈ తేడా గమనించకుండానే పెద్ద అంకె అంటే మంచి అంకె అనుకుని వెళ్ళిపోతారు. పైగా సిమ్యులేషన్ చేయాలంటే పాపులేషన్ తెలిసుండాలి, నిజంగా పనిలో దిగినప్పుడు అదే మన దగ్గర ఉండదు. దానికి 1979లో స్టాటిస్టీషియన్ బ్రాడ్లీ ఎఫ్రాన్ చెప్పిన బూట్‌స్ట్రాప్ ఉంది, ఉన్న ఒక్క శాంపిల్‌నే పాపులేషన్ అనుకుని అందులోంచి వెనక్కి వేస్తూ మళ్ళీ మళ్ళీ తీయడం. మంచి పద్ధతే, చెదురు ఎంతో అంచనా ఇస్తుంది, కానీ ఆ చుక్కలు మన శాంపిల్ సగటు చుట్టూ చేరతాయి, అసలు పారామీటర్ చుట్టూ కాదు, కాబట్టి మొదట్లోనే దీన్ని చూపిస్తే పారామీటర్‌కీ స్టాటిస్టిక్‌కీ మధ్య గీత మళ్ళీ చెరిగిపోతుంది.

కాబట్టి ఏది మేలంటే, పని కోసమైతే సగటుకి, శాతానికి ఫార్ములానే, సర్వేకి ఎంతమంది కావాలో లెక్కేయడానికి దానికి సాటి లేదు. ఫార్ములా లేని స్టాటిస్టిక్ అయితే సిమ్యులేషనో బూట్‌స్ట్రాపో. కానీ అర్థం చేసుకోవడం కోసమైతే ముందు చీటీలు, తర్వాత సిమ్యులేషన్, ఆఖర్న ఫార్ములా, ఈ వరస నేను మార్చను. చాలా క్లాసుల్లో సరిగ్గా తలకిందులుగా చెబుతారు, టైం లేక అలా చేస్తారని తెలుసు, కానీ చీటీలకి పట్టేది అరగంటే. రేపే పరీక్ష అయినా ఆ అరగంట పెట్టండి, ఫార్ములా గుర్తుపెట్టుకోవడం కూడా తేలికవుతుంది.

చీటీల దగ్గర్నుంచి ఎప్పుడు ముందుకెళ్ళాలో తెలియడానికి నేను ఒకటే చూస్తా. సిమ్యులేషన్ హిస్టోగ్రామ్ తెరిచి, అందులో ఒక్క చుక్క మీద వేలు పెట్టి "ఇది ఏంటి?" అని అడుగుతా. "ఒక మనిషి" అనో "ఒక విలువ" అనో అంటే మళ్ళీ ఐదు చీటీలూ తీసి మొదట్నుంచి మొదలుపెడతాం. "ఒక మొత్తం శాంపిల్, దాని సగటు" అంటే అప్పుడు సిగ్మా బై రూట్ ఎన్ పేజీ తెరుస్తాం.