షార్ట్ ఫిల్మ్‌కి పాత్రలు కొంటున్నారా? ముందు ఆరో పేజీ చూడండి

ఒంగోలు, నెల్లూరు వైపు షార్ట్ ఫిల్మ్‌లు తీసే మిత్రులకు ఒక మాట. "కథ మీది, పాత్రలు మావి" అంటూ ఫోన్‌లో తిరుగుతున్న ప్యాకేజీలు మీరూ చూసే ఉంటారు. మూడు పాత్రలు, వాళ్ల గతం, మనస్తత్వం, మాట తీరు, అన్నీ కలిపి ఫైల్ చేసి ఇస్తామంటారు. నేను ఒకటి కొన్నాను. 7,500 రూపాయలు పోయాయి, నెలన్నర పోయింది. అమ్మినవాళ్ల పేరు రాయడం లేదు. ఈ మధ్యలోనే ఒకసారి పేరు మార్చారు, రేపు మళ్లీ మారుస్తారు. పద్ధతి మాత్రం మారదు కాబట్టి అదే చెప్తాను.

నాది పద్నాలుగు నిమిషాల కథ. టంగుటూరు దగ్గర ఒక పొగాకు రైతు, వేలం కేంద్రంలో అతని పొగాకు బేళ్లు నో బిడ్ అయిన, అంటే వాటికి ఏ వ్యాపారీ రేటు చెప్పని రోజు పొద్దున నుంచి సాయంత్రం దాకా, అంతే. కథ ఉంది గానీ అందులో మనిషి లేడు. మంచివాడు, కష్టజీవి, అప్పులున్నాయి. ఎన్నిసార్లు రాసినా అదే. మా నాటకాల బ్యాచ్‌లో ఆ వేషం వేయాల్సిన అన్న స్క్రిప్ట్ చదివి, "ఎవుర్రా ఈయన, ఎరువుల బస్తా మీద బొమ్మా?" అన్నాడు. ఆ ఉక్రోషంలో ఉండగా ఈ ప్రకటన కంటపడింది.

వాళ్లు పంపిన శాంపిల్ పేజీ బాగుంది, అబద్ధం ఎందుకు చెప్పాలి. ఒక ముసలావిడ పింఛను డబ్బులు వచ్చిన రోజు వాటిని మూడు చోట్ల దాస్తుంది. మూడో చోటు మాత్రం మనవడికి తెలిసేలా దాస్తుంది. ఆ రెండు ముక్కల్లో మనిషి కనిపించింది. నేను పడిపోయింది అక్కడే. పైన పేర్చిన కాయలు చూసి గంప మొత్తం బేరం చేయకూడదని మా అమ్మకి తెలుసు, ఎంఏ చదివిన నాకు తెలియలేదు.

4,000 అడ్వాన్స్ కట్టాను. వారంలో ఇస్తామన్నది ఇరవై మూడు రోజులకు వచ్చింది. తెరిస్తే పాస్‌వర్డ్ అడిగింది. "మిగతా 3,500 వేసెయ్ బ్రో, పాస్‌వర్డ్ పంపిస్తాం." సరుకు చూడకుండా డబ్బులేంటని అడగాల్సింది. షూటింగ్ డేట్ దగ్గర పడుతోందన్న టెన్షన్‌లో వేసేశాను.

ఫైల్లో ఏముందంటే: పేరు రామయ్య. వయసు 55. బలం, కుటుంబమంటే ప్రాణం. బలహీనత, కోపం. ఇష్టమైన రంగు, ఆకుపచ్చ. ఈ రామయ్య పొగాకుని ఆషాఢంలో నాటి కొడవలితో కోస్తాడట! మన వైపు నాట్లు పడేది అక్టోబరు, నవంబరుల్లో. ఆకు కింద నుంచి పక్వానికి వచ్చే కొద్దీ చేత్తో విరుస్తారు, కర్రలకు కడతారు, బ్యారన్‌లో, అంటే వేడితో ఆకు ఆరబెట్టే గదిలో పెట్టి రోజుల తరబడి క్యూరింగ్ చేస్తారు. కొడవలికి అక్కడ పనేముంది? ఇక మాట తీరు చూడండి. భార్యతో "ఆయ్, వచ్చేత్తన్నానండి" అంటాడు. ఒంగోలు పల్లెల్లో ఎవరైనా "ఆయ్" అన్నారంటే ఆయన గోదావరి జిల్లా నుంచి చుట్టపు చూపుగా వచ్చి ఉండాలి.

ఇవన్నీ తెలియనితనం అని సరిపెట్టుకునేవాణ్ణేమో. ఆరో పేజీలో ఈ వాక్యం ఉంది: "తెల్లవారుజామున లేచి, వల భుజాన వేసుకుని, నిద్రపోతున్న భార్య వైపు ఒకసారి చూసి బయల్దేరతాడు."

పొగాకు రైతుకి వలెందుకు?

నెల్లూరులో నాకు తెలిసిన ఒకమ్మాయి మైపాడు తీరం మీద జాలర్ల కథ తీస్తోంది. తనూ ఏదో ప్యాకేజీ కొన్నట్టు గుర్తొచ్చి ఫోన్ చేశాను. "ఆరో పేజీ తీసి చదువమ్మా" అన్నాను. చదివింది. అక్షరం పొల్లుపోకుండా అదే వాక్యం. అక్కడ వల సరిగ్గానే ఉంది. పేరు కోటయ్య. ఇష్టమైన రంగు ఆకుపచ్చే. పింఛను ముసలావిడ శాంపిల్ చూపించే ఆమెనూ పడేశారు. ఇద్దరం కాసేపు నవ్వుకున్నాం, తర్వాత ఆమె కట్టింది 9,000 అని చెప్పింది.

అమ్మినవాళ్లను అడిగితే "టెంప్లేట్ ఒకటే ఉంటుంది బ్రో, ఎమోషన్ మీరు నింపుకోవాలి" అన్నారు. రెండోసారి అడిగితే బ్లాక్ చేశారు. "ఈ పాత్రలు మీకొక్కరికే" అన్నది నోటి మాటే, కాగితం లేదు. 1957 కాపీరైట్ చట్టం 19వ సెక్షన్ ప్రకారం హక్కుల బదిలీ రాతపూర్వకంగా, ఇచ్చేవాళ్ల సంతకంతో ఉండాలి. ఎంతకాలానికో రాసుకోకపోతే 5 ఏళ్లకే ఇచ్చినట్టు లెక్క. రేపు మన సినిమా ఏ పోటీకో పంపితే, అదే రామయ్య ఇంకెవరి సినిమాలోనో కనిపిస్తే ఏం చెప్పుకుంటాం? ఆన్‌లైన్‌లో అమ్మేవాళ్లు చిరునామా, ఫిర్యాదులు చూసే అధికారి వివరాలు ఇవ్వాలని 2020 ఈ-కామర్స్ నిబంధనల్లో ఉంది. వీళ్ల దగ్గర ఉన్నది ఒక ఫోన్ నంబర్. 1915కి, అంటే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కి, ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. డబ్బు రాలేదు.

మనిషి మాత్రం దొరికాడు, పైసా ఖర్చు లేకుండా. కొండపి దగ్గర మా పెదనాన్న వరసాయన వేలానికి బేళ్లు తీసుకెళ్తుంటే వెంట వెళ్లాను. వ్యాపారులు వరసలో వస్తూ ఆయన బేలు ముందు ఆగారు, ఒక ఆకు లాగి చూశారు, రేటు చెప్పకుండా పక్కదానికి వెళ్లిపోయారు. నా స్క్రిప్ట్‌లో రైతు ఈ చోట ఆకాశం వంక చూసి ఏడుస్తాడు. పెదనాన్న వంగి, వాళ్లు లాగి వదిలేసిన ఆకుని మడత పడకుండా మళ్లీ లోపలికి దోపాడు. గోనెపట్టా సర్ది తాడు బిగించాడు. పక్క బేలుకి మంచి రేటు పడిన రైతుని "పా, టీ తాగుదాం, ఇయ్యాల నువ్వే ఇప్పించాల" అన్నాడు. టీ సగం తాగి గ్లాసు పక్కన పెట్టేశాడు. నేను ఫోన్ తీసి రాసుకోబోతే, "ఏంది రాసుకుంటన్నావ్? రాయడానికి ఏముందిరా ఇందులో" అన్నాడు. ఎరువుల బస్తా మీద బొమ్మా అని ఎగతాళి చేసిన అన్నయ్య ఈ సీన్ చదివి ఏమీ అనలేదు, వేషానికి పాత చొక్కా వెతుక్కుంటానని వెళ్లాడు.

ఇదంతా విన్నాక కూడా రాసేవాళ్ల సాయం కావాలంటే తీసుకోండి, తప్పేం లేదు. నిజంగా రాయగలిగేవాళ్లూ ఉన్నారు, వాళ్ల కూలి వాళ్లకివ్వాలి. కానీ వాళ్ల శాంపిల్ చూసి డబ్బు కట్టకండి. మీ కథలోంచి ఒక ఘట్టం మీరే ఇవ్వండి: బేలు నో బిడ్ అయింది, మరుక్షణం ఇతను ఏం చేస్తాడు? అర పేజీ రాయమనండి, దానికి విడిగా ఐదొందలో వెయ్యో ఇవ్వండి. గుణాలు, రంగులు రాసి పంపితే నమస్కారం పెట్టి వచ్చేయండి. పాస్‌వర్డ్ ఫైలయితే ముందే దండం పెట్టండి.

ఇప్పటికే కొన్నవాళ్లు ఆరో పేజీ ఒకసారి తీసి చూడండి. అందులో వల ఉంటే నాకు చెప్పండి, అందరం కలిసి ఫిర్యాదు చేద్దాం.