చెన్నైలో మృదంగ శిక్షణ: హాస్టల్ మేలా, గురువుగారి ఇంటి దగ్గర గది మేలా?

నెల్లూరు, తిరుపతి, విజయవాడ వంటి ఊళ్లలో నాలుగైదేళ్లు మృదంగం నేర్చుకొని, వర్ణాలకూ చిన్న కృతులకూ తడబడకుండా వాయించగలిగిన పిల్లలను పైచదువుకు చెన్నై పంపాలనుకునే తల్లిదండ్రులు ముందుగా ఏ గురువు దగ్గర చేర్పించాలా అని ఆలోచిస్తారు, ఆ తరువాత ఎక్కడ ఉంచాలా అని. బాణీని బట్టి, ప్రాప్తాన్ని బట్టి గురువు దొరుకుతాడు కనుక మొదటిదాని జోలికి నేను పోను. రెండవదాన్ని మాత్రం చాలామంది అద్దె, తిండి లెక్కలతోనే తేల్చేస్తున్నారు. మృదంగ విద్యార్థి విషయంలో వాటికంటే ముందు చూడవలసినవి రెండున్నాయి: ఆ చోట రోజుకు ఎన్ని గంటలు వాయించనిస్తారు, ఎవరి పాటకు వాయించే అవకాశం ఉంటుంది.

సంస్థలో చేరి హాస్టల్‌లో ఉండడం ఒక దారి. 1949లో ఏర్పడిన అడయారు ప్రభుత్వ సంగీత కళాశాల గానీ, రుక్మిణీదేవి అరుండేల్ 1936లో స్థాపించగా 1993లో పార్లమెంటు చట్టంతో జాతీయ ప్రాముఖ్యం పొందిన తిరువాన్మియూరు కళాక్షేత్ర గానీ ఇందుకు పేరుపడ్డ చోట్లు. మైలాపూరులోనో మందవెల్లిలోనో గురువుగారి ఇంటికి నడిచి వెళ్లేంత దూరంలో గది తీసుకొని, ఆయన పిలిచినప్పుడల్లా వెళ్లి నేర్చుకోవడం రెండవ దారి.

ముందు సాధకం సంగతి. గాత్రం నేర్చుకునే పిల్లవాడు తలుపు మూసుకొని మంద్రంలో సాధన చేసుకోవచ్చు, వీణ విద్యార్థికీ అంత ఇబ్బంది ఉండదు. మృదంగానికి ఆ వెసులుబాటు లేదు. తెల్లవారుజామున లేచి, ఎడమవైపు తోలు మూత మధ్యలో తడిపిన రవ్వ ముద్ద అద్ది, కుడివైపు అంచు మీద రాతితో కొట్టి శ్రుతి సరిచేయడం మొదలుపెట్టేసరికే పక్క వాటా వాళ్లకు నిద్రాభంగం అవుతుంది. ఇక ఒకే తీర్మానాన్ని (మూడుసార్లు వాయించి ముగించే జతిని) మూడు వేగాల్లో గంటసేపు వాయిస్తే వారం తిరగకముందే ఇంటి యజమాని గుమ్మంలో నిలబడతాడు. అతని తప్పు లేదు, పిల్లవాడి తప్పూ లేదు. చెన్నైలో గదిలో ఉండి నేర్చుకున్న వారిలో చాలామంది పొద్దున ఎనిమిది దాటాక, మళ్లీ సాయంత్రం ఏడు లోపల మాత్రమే వాయించుకోగలిగారు. మిగతా సమయమంతా తొడ మీద తాళం వేసుకుంటూ సొల్లు (మృదంగపు దెబ్బలను నోటితో పలికే జతులు) చెప్పుకోవడమే. అది వృథా ఏమీ కాదు, లెక్క గట్టిపడుతుంది. కానీ నాదం పలికించే చేయి మాత్రం మూత మీద వాయిస్తేనే కుదురుతుంది. సంగీత విద్యార్థుల కోసమే నడిచే హాస్టల్‌లో ఉదయ సాధకం దినచర్యలో భాగం కనుక అక్కడ ఎవరినీ బతిమాలుకోనక్కరలేదు. పదహారు, పదిహేడేళ్ల వయసులో ఇది చాలా పెద్ద మేలని నా అభిప్రాయం.

రెండవది పాట. మృదంగం పక్కవాద్యం. ఒంటరిగా ఎంత సాధన చేసినా, గాయకుడు సంగతి (ఒకే పాదాన్ని పాడే తీరు) మార్చినప్పుడు నడక మార్చడం, పల్లవి తరువాత వచ్చే అనుపల్లవి దగ్గర తగ్గి వాయించడం, అప్పటికప్పుడు స్వరాలు అల్లి పాడే స్వరకల్పనలో అతని లెక్క పసిగట్టడం పాటకు వాయిస్తేనే వస్తాయి. హాస్టల్‌లో పక్క గదిలోనే గాత్ర విద్యార్థి ఉంటాడు, ఎదుటి గదిలో వయొలిన్ విద్యార్థి ఉంటాడు. భోజనమయ్యాక ముగ్గురూ కూర్చుంటే కచేరీయే. నాట్యం కూడా నేర్పే సంస్థ అయితే జతులకు, నట్టువాంగానికి (నాట్యగురువు తాళాలు వేస్తూ జతులు చెప్పడానికి) వాయించే అలవాటు కూడా అబ్బుతుంది. తరువాత అరంగేట్రాలకు వాయించి నాలుగు రూపాయలు సంపాదించుకోవడానికి అది అక్కరకొస్తుంది. గదిలో ఉండే విద్యార్థి ఈ సావాసాన్ని తానే వెదుక్కోవాలి. కొత్త ఊరు, రాని తమిళం, బిడియం కలిస్తే ఆ వెదుకులాటకే మొదటి ఏడాది గడిచిపోవచ్చు.

ఇంతవరకు హాస్టల్‌దే పైచేయి. అయితే విద్య ఎవరి దగ్గర దొరుకుతుందన్న చోట తూకం మారుతుంది. సంస్థలో పాఠం గంట కొట్టినట్టు నడుస్తుంది, తరగతిలో పదిమంది ఉంటే అందరికీ అదే పాఠం. కచేరీలతో తీరిక లేని విద్వాంసుడి ఇంట్లో అలా ఉండదు. ఏప్రిల్ వచ్చేసరికి అమెరికాలోని క్లీవ్‌లాండ్‌లో జరిగే త్యాగరాజ ఆరాధనకో, మరో విదేశీ పర్యటనకో వెళ్లిన గురువు కొన్ని వారాలు కనబడకపోవచ్చు. తిరిగి వచ్చాక ఒక మధ్యాహ్నం హఠాత్తుగా పిలిచి, ముందురోజు కచేరీలో తాను మిశ్రచాపులో (ఏడక్షరాల తాళంలో) వేసిన కోర్వైని (లెక్కగా అల్లిన ముగింపును) కూర్చోబెట్టి చెప్పవచ్చు. ఆ పాఠం నడిచి వెళ్లగలిగిన శిష్యుడికే దక్కుతుంది. గురువు వెంట మృదంగం మోసుకొని సభకు వెళ్లి, వేదిక వెనుక శ్రుతి చేస్తుండగా చూసి, కచేరీ అంతా ఆయన చేతులకు ఎదురుగా కూర్చోవడం ఏ సిలబస్‌లోనూ ఉండదు. చెన్నైలో కచేరీలు ముమ్మరంగా సాగే మార్గళి మాసంలో (మన ధనుర్మాసం) ఈ తేడా మరింత తెలుస్తుంది. మ్యూజిక్ అకాడమీలో పొద్దుటి ప్రసంగాలు, అనేక సభల్లో టికెట్ లేని మధ్యాహ్నపు కచేరీలు, రాత్రి పెద్ద కచేరీలు అన్నీ వినాలంటే మైలాపూరులో ఉన్న విద్యార్థికి రాత్రి తొమ్మిదిన్నర తరువాత ఇల్లు చేరడం కష్టం కాదు, హాస్టల్ విద్యార్థికి గేటు మూసే వేళ గుర్తుంచుకోక తప్పదు. పాట ఆగి లయవాద్యాలు మాత్రమే వాయించే తని ఆవర్తనం మొదలు కాగానే కొందరు శ్రోతలు లేచి క్యాంటీన్ వైపు నడవడం అక్కడ మామూలే. మృదంగ విద్యార్థి రోజంతా విన్నదానికి ఫలం దక్కేది ఆ పావుగంటలోనే కనుక, గేటు కోసం అతడు కూడా ఆ వేళకే లేచిపోవలసి రావడం నాకు బాధ కలిగిస్తుంది.

డబ్బు విషయంలో గది ఖర్చు ఎక్కువని వేరే చెప్పనక్కరలేదు. పైగా గాయకులకు తగ్గు శ్రుతిది, గాయనులకు హెచ్చు శ్రుతిది అని రెండు మృదంగాలైనా ఉండాలి, వాటి మూతలు అరిగినప్పుడల్లా మార్పించాలి. కేంద్ర సాంస్కృతిక శాఖ 18 నుంచి 25 ఏళ్ల యువ కళాకారులకు నెలకు 5000 రూపాయల చొప్పున రెండేళ్లపాటు ఇచ్చే ఉపకారవేతనానికి కనీసం అయిదేళ్లు శిక్షణ పొందినవారు దరఖాస్తు చేసుకోవచ్చు. ఆ సొమ్ము నెలనెలా కాక వాయిదాలుగా వస్తుంది కనుక దాన్ని నమ్ముకొని అద్దెకు దిగరాదు.

ఆడపిల్లల తల్లిదండ్రులకు ఇంకొక మాట. పదిమంది, అంతకు మించి ఉద్యోగులున్న చోట లైంగిక వేధింపులపై ఫిర్యాదులు వినే కమిటీ ఉండాలని 2013 నాటి చట్టం చెబుతోంది. ఒక్క గురువు ఇంట్లో సాగే శిక్షణలో అటువంటి కమిటీ ఏదీ ఉండదు. కనుక అక్కడ ఇంకెవరు నేర్చుకుంటున్నారో, పాఠం ఏ వేళల్లో జరుగుతుందో తల్లిదండ్రులు స్వయంగా వెళ్లి చూసి రావాలి. సంస్థలోనైనా కమిటీ ఉన్నదన్న మాటతో సరిపెట్టుకోక, అందులో ఎవరున్నారో అడిగి తెలుసుకోవాలి.

ఊళ్లోనే ఉండి వారానికొకసారి రైలెక్కి వచ్చే మూడవ దారి నెల్లూరు వారికి మూడు గంటల ప్రయాణం కనుక కొంతకాలం సాగుతుంది. ఫోనులో పాఠం మాత్రం లెక్కలు రాసుకోవడానికే పనికివస్తుంది. శబ్దం ఆలస్యంగా చేరుతుంది కనుక గురుశిష్యులు కలిసి వాయించడం అందులో కుదరదు.

కనుక ఇరవై ఏళ్లు నిండని వారిని, తమిళం రానివారిని, ఇంకా చేయి కుదరనివారిని మొదటి రెండు మూడేళ్లు హాస్టల్‌లోనే ఉంచడం మేలని నేను గట్టిగా చెబుతాను. గురువు తానే కచేరీలకు వెంట రమ్మనడం మొదలుపెట్టాక గదికి మారవచ్చు. అప్పుడు కూడా అడ్వాన్సు ఇవ్వకముందే మృదంగం తీసుకెళ్లి, ఇంటి యజమాని ఎదుట పది నిమిషాలు వాయించి, ఏ వేళల్లో అభ్యంతరం లేదో ఖాయం చేసుకున్న తరువాతనే సామాను దించాలి.