సెకండ్ హ్యాండ్ "షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ ఎడిషన్" డబ్బా కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఒక్కసారి ఇది చదవండి

ఎల్డెన్ రింగ్ అనే వీడియో గేమ్ ఆడేవాళ్ళు, ఆడదామనుకునేవాళ్ళు, ముఖ్యంగా నాలాగా పీఎస్5 (ప్లేస్టేషన్ 5) డిస్కులు సెకండ్ హ్యాండ్‌లో కొనేవాళ్ళు దయచేసి రెండు నిమిషాలు ఆగి చదవండి. డబ్బా మీద షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ ఎడిషన్ అని ఎంత పెద్ద అక్షరాలతో ఉన్నా సరే, లోపలున్న డిస్కులో ఉండేది 2022లో వచ్చిన అసలు గేమ్ మాత్రమే. ఆ తర్వాత అదనంగా వచ్చిన భాగం, అదే షాడో ఆఫ్ ది ఎర్డ్‌ట్రీ అనే ఎక్స్‌పాన్షన్, డిస్కులో లేదు. కొత్త డబ్బా కొంటే లోపల ఒక కాగితం మీద కోడ్ వస్తుంది, అది మన అకౌంట్‌లో కొట్టి ఎక్స్‌పాన్షన్ డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఆ కోడ్ ఒక్కసారికే. మొదట కొన్నవాడు వాడేశాడంటే ఆ డబ్బా ఇక మామూలు ఎల్డెన్ రింగ్ డబ్బానే, పేరు మాత్రమే ఎక్స్‌ట్రా.

నాకు ఈ సంగతి కొన్న పదకొండు వారాల తర్వాత తెలిసింది. అంత ఆలస్యంగా ఎందుకంటే అదే ఇక్కడ అసలు కథ, అందుకే వివరంగా రాస్తున్నా.

పోయిన సెప్టెంబర్లో సికింద్రాబాద్ వైపు ఒక షాపులో కొన్నా, పేరు వద్దులెండి. మామూలు ఎల్డెన్ రింగ్ వాడిన డిస్క్ రెండు వేలు చెప్పాడు, దాని పక్కనే ఈ ఎడిషన్ రెండు వేల తొమ్మిదొందలు అని స్టిక్కర్ వేసి పెట్టాడు. ఎక్స్‌పాన్షన్ విడిగా ప్లేస్టేషన్ ఆన్‌లైన్ స్టోర్లో కొంటే రెండు వేల పైచిలుకు అవుతుంది కదా, తొమ్మిదొందలకే వస్తుందంటే ఎవరికైనా ఆశ పుడుతుంది. అయినా అడిగా, ఊరికే తీసుకోలేదు. ఎక్స్‌పాన్షన్‌నే డీఎల్‌సీ అని కూడా అంటారు. "డీఎల్‌సీ ఇందులోనే ఉందా అన్నా, మళ్ళీ ఏమైనా కొనాలా?" అన్నా. "డిస్క్‌లనే ఉంది అన్నా, ఇన్‌స్టాల్ కొడితే మొత్తం వచ్చేస్తది" అన్నాడు. నా ముందే షాపులో ఉన్న పీఎస్5లో డిస్క్ పెట్టి, వాళ్ళ అకౌంట్‌లో గేమ్ తెరిచి, ఎక్స్‌పాన్షన్ మ్యాప్ కూడా చూపించాడు. ఇంకేం కావాలి నాకు, డబ్బులిచ్చి వచ్చేశా. బిల్లు మీద ఏడు రోజుల్లో డిస్క్ ఆడకపోతే మార్చిస్తాం అని స్టాంపు కూడా వేశాడు.

నేను నమ్మడానికి ఇంకో కారణం కూడా ఉంది. అంతకుముందు పీఎస్4 ఉన్నప్పుడు ది విచర్ 3 గేమ్ ఆఫ్ ది ఇయర్ ఎడిషన్ వాడిన డిస్కే కొన్నా, అందులో హార్ట్స్ ఆఫ్ స్టోన్, బ్లడ్ అండ్ వైన్ అనే ఎక్స్‌పాన్షన్లు రెండూ డిస్కులోనే వచ్చాయి. స్కైరిమ్ స్పెషల్ ఎడిషన్ కూడా అంతే, డాన్‌గార్డ్, హార్త్‌ఫైర్, డ్రాగన్‌బోర్న్ మూడూ అందులోనే. హొరైజన్ జీరో డాన్ కంప్లీట్ ఎడిషన్ ఫ్రెండ్ దగ్గర తీసుకుంటే ఫ్రోజెన్ వైల్డ్స్ దాంతోపాటే వచ్చింది. అన్నీ చేతులు మారిన డిస్కులే, ఒక్కదాంట్లోనూ ఇబ్బంది లేదు. కాబట్టి పెద్ద ఎడిషన్ అంటే డిస్కులో అన్నీ ఉంటాయి అని నా బుర్రలో ఫిక్స్ అయిపోయింది. ఇప్పుడు చూస్తే ఆ పద్ధతి గేమ్‌ని బట్టి, కొన్నిసార్లు కన్సోల్‌ని బట్టి కూడా మారిపోతోంది. సైబర్‌పంక్ 2077 అల్టిమేట్ ఎడిషన్ తీసుకోండి, ఎక్స్‌బాక్స్ డబ్బాలో ఎక్స్‌పాన్షన్ డిస్కులోనే ఇచ్చారు, పీఎస్5 డబ్బాలో కోడ్ కాగితం ఇచ్చారు. పేరు ఒకటే, లోపల సరుకు వేరు.

సరే, ఇంటికొచ్చి గేమ్ మొదలుపెట్టా. ఇక్కడ ఎల్డెన్ రింగ్ గురించి తెలియనివాళ్ళకి ఒక మాట చెప్పాలి. చాలా గేముల్లో ఎక్స్‌పాన్షన్ ఉంటే మెనూలోనో, మొదట్లోనే ఏదో ఒక క్వెస్ట్ రూపంలోనో కనిపిస్తుంది. ఇందులో అలా కాదు. కేలిడ్ అనే ప్రాంతంలో రాడాన్ అనే బాస్‌ని, అంటే పెద్ద శత్రువుని, చంపాలి, భూమి అడుగున మోగ్విన్ ప్యాలెస్‌లో మోగ్ అనే ఇంకో బాస్‌ని కూడా చంపాలి. ఇద్దరూ పోయాకే ఆ మోగ్ గదిలో ఒక గూడులాంటిదాంట్లోంచి వేలాడుతున్న, మికెల్లా అనే పాత్ర ఎండిపోయిన చెయ్యిని ముట్టుకుంటే ఎక్స్‌పాన్షన్ జరిగే ల్యాండ్ ఆఫ్ షాడోలోకి వెళ్తాం. మోగ్ దగ్గరికి వెళ్ళడమే గేమ్ సగం దాటాక జరిగే పని. ఆఫీసు చేసుకుంటూ రాత్రి గంటా గంటన్నర ఆడే నాలాంటివాడికి అక్కడికి చేరేసరికి నవంబర్ నెలాఖరు అయింది.

ఆ రాత్రి నాకు ఇంకా గుర్తుంది. మోగ్ మీద మూడు వారాలు పోరాడా, వాడు మధ్యలో నిహిల్ అని మూడుసార్లు అరిచి మన హెల్త్ పీకేసి తన హెల్త్ పెంచుకుంటాడు చూడండి, అక్కడే ప్రతిసారీ పోయేవాణ్ణి. ఆల్టస్ అనే ప్రాంతంలో ఎలియనోరా అనే ఆవిడని ఓడిస్తే ఒక క్రిస్టల్ టియర్ వస్తుంది, అది తాగితే ఆ దెబ్బ తగ్గుతుందని తెలిశాక వెళ్ళి అది తెచ్చుకుని మొత్తానికి పడగొట్టా. రాత్రి ఒంటిగంట దాటింది, మా చెల్లి కూడా నిద్ర మానుకుని పక్కనే కూర్చుంది, తనకి ఈ మికెల్లా కథంటే పిచ్చి, ఎక్స్‌పాన్షన్లో ఏం జరుగుతుందో చూడాలని నాకంటే ఎక్కువ ఎదురుచూసింది. మెల్లగా మెట్లెక్కి ఆ గూడు దగ్గరికి వెళ్ళా. చెయ్యి వేలాడుతోంది. ఆ పక్కన లీడా అనే నైట్ నిలబడి ఉండాలి, మనతో మాట్లాడి చెయ్యి ముట్టుకోమని చెప్పాలి. ఎవరూ లేరు. చెయ్యి దగ్గర నిలబడి ట్రయాంగిల్ నొక్కుతున్నా, ఏమీ రావట్లేదు. "అన్నయ్యా, ఇక్కడ ఎవరో ఉండాలి కదా?" అంది చెల్లి. గేమ్ మూసి తెరిచా, గ్రేస్ (గేమ్‌లో విశ్రాంతి తీసుకునే చోటు) దగ్గర కూర్చుని లేచా, రాడాన్‌ని నిజంగా చంపానా లేదా అని కేలిడ్ దాకా వెళ్ళి చూసొచ్చా. గంట సేపు అదే పని. చివరికి కన్సోల్లో గేమ్ మీద ఆప్షన్స్ బటన్ నొక్కి మేనేజ్ గేమ్ కంటెంట్‌లో చూస్తే అసలు గేమ్ ఒక్కటే ఉంది. స్టోర్లో ఎక్స్‌పాన్షన్ పేజీ తీస్తే దాని ధర చూపిస్తోంది. అప్పుడు డబ్బా తీసి వెనక అట్ట లైటు కింద పెట్టి చదివితే, కింద చిన్న చిన్న అక్షరాల్లో ఎక్స్‌పాన్షన్ డౌన్‌లోడ్ కోడ్ రూపంలో ఇస్తున్నాం అని ఉంది. లోపల ఎడమవైపు కాగితాలు పెట్టే క్లిప్పులు ఖాళీ.

షాపులో చూపించింది ఏమిటంటారా, అది వాళ్ళ అకౌంట్‌లో వాళ్ళు ఎప్పుడో కొనుక్కున్న ఎక్స్‌పాన్షన్. ఎక్స్‌పాన్షన్ డిస్కుతో రాదు, అకౌంట్‌తో వస్తుంది. కాబట్టి అమ్మేవాడి కన్సోల్లో, అమ్మేవాడి అకౌంట్‌లో ఎంత బాగా ఆడినా అది మీకు రుజువు కాదు. ఈ ఒక్క ముక్క నాకు ముందే తెలిసుంటే బాగుండేది.

మర్నాడు షాపుకి వెళ్ళా. ఏడు రోజులు ఎప్పుడో అయిపోయాయి అన్నాడు. "నేను డిస్క్ అమ్మిన, డిస్క్ నడుస్తుంది కదా అన్నా" అన్నాడు. గొడవపడలేదు, నెమ్మదిగానే చెప్పా, కనీసం ఆ తొమ్మిదొందలైనా ఇవ్వమన్నా, ఇవ్వలేదు. నిజం చెప్పాలంటే మొదటిసారి ఆయనకి తెలియకే చెప్పి ఉండొచ్చు, రోజుకి వంద డిస్కులు చేతులు మారే చోట అన్నీ తెలియాలని లేదు. కానీ డబ్బా వెనకున్న ఆ లైను నేను చూపించాక కూడా షెల్ఫ్‌లో ఉన్న ఇంకో రెండు అలాంటి డబ్బాల మీద స్టిక్కర్ మార్చలేదు. నాకు కోపం వచ్చింది దాని గురించి. ఈ పోస్ట్ రాస్తున్నది కూడా ఆ రెండు డబ్బాలు ఎవరి చేతికి వెళ్తాయో అనే.

ఇంతటితో అయిపోలేదు. సర్లే పోనీ, ఎక్స్‌పాన్షన్ విడిగా కొనేద్దాం అని స్టోర్లో కార్డు నంబర్ కూడా కొట్టబోతుంటే మా ఫ్రెండ్ వాళ్ళ తమ్ముడు ఫోన్లో ఆపాడు. "అన్నా, ఆగు. డబ్బా ముందు కింద మూలన ఏముందో చూడు, 16 అని ఉందా, M అని ఉందా?" చూస్తే నలుపు తెలుపులో M అని ఉంది. అది అమెరికా వయసు రేటింగ్, అంటే అది అమెరికా డిస్క్. మన దగ్గర మామూలుగా దొరికేవి యూరప్ రీజియన్‌వి, వాటి మీద యూరప్ వయసు రేటింగ్ పెగీ 16 అని ఉంటుంది. అమెరికా నుంచి వచ్చేటప్పుడు ఎవరో తెచ్చుకుని, ఆడేసి షాపులో ఇచ్చేసి ఉంటారు, మన ఊళ్ళో అలాంటివి బోలెడు. ఇండియా అకౌంట్‌లో కొన్న ఎక్స్‌పాన్షన్ అమెరికా డిస్కుతో కలవదు, రెండూ ఒకే రీజియన్‌వి కావాలి. ఆ కుర్రాడు ఒక్క నిమిషం లేట్‌గా ఫోన్ చేసుంటే ఇంకో రెండు వేలు పోయేవి, ఎందుకంటే డౌన్‌లోడ్ మొదలుపెట్టాక డబ్బు వెనక్కి అడగడం కష్టం.

పోనీ ఆ డిస్క్ పక్కన పడేసి ఇండియా కాపీ కొందామా అంటే, సేవ్ (ఇప్పటిదాకా ఆడింది దాచే ఫైలు) కూడా సాధారణంగా రీజియన్‌కే కట్టుబడి ఉంటుంది, నూట పది గంటల ఆట మళ్ళీ మొదటినుంచి ఆడాలి. మళ్ళీ రాడాన్, మళ్ళీ మోగ్. నా వల్ల కాదనిపించింది.

చివరికి నాకు దారి దొరికింది మా పెద్దమ్మ కొడుకు వల్ల, అన్నయ్య డాలస్‌లో ఉంటాడు. డిసెంబర్లో పెళ్ళికి వచ్చినప్పుడు తన అమెరికా అకౌంట్‌లో ఎక్స్‌పాన్షన్ కొని, మా ఇంట్లో నా కన్సోల్లో తన అకౌంట్ పెట్టి కన్సోల్ షేరింగ్ (ఒకరు కొన్నది అదే కన్సోల్లో వేరే అకౌంట్‌తోనూ ఆడనిచ్చే సెట్టింగ్) ఆన్ చేశాడు, తను ఇప్పుడు ఆడట్లేదు కాబట్టి కుదిరింది. అక్కడ దాని ధర 39.99 డాలర్లు, మన డబ్బుల్లో మూడు వేల పైమాటే. లెక్క వేసుకోండి, తొమ్మిదొందలకి కలిసొస్తుందనుకున్నది ఎంతకి వచ్చిందో. అందరికీ అమెరికాలో అన్నయ్య ఉండడు కూడా.

కాబట్టి కొనేవాళ్ళు ఏం చెయ్యాలంటే, వాడిన ఎడిషన్ డబ్బాకి మామూలు డిస్క్ ధర కంటే ఒక్క రూపాయి ఎక్కువ ఇవ్వకండి. కోడ్ కాగితం ఉంది, ఇంకా వాడలేదు అని ఎవరైనా అంటే కూడా సరిపోదు, అది ప్రింట్ చేసిన పన్నెండు అక్షరాల కాగితం, గీకేది కాదు, వాడాడో లేదో చూసి చెప్పలేం. అక్కడే నిలబడి ఫోన్లో మీ అకౌంట్‌తో లాగిన్ అయి కోడ్ కొట్టండి, పడితేనే డబ్బులివ్వండి. ఆ కోడ్ రీజియన్ కూడా మీ అకౌంట్ రీజియన్‌తో కలవాలి, లేకపోతే వాడని కోడ్ అయినా పడదు. డబ్బా ముందు 16 ఉందో M ఉందో చూడండి. ఇంటికెళ్ళిన రోజే, గేమ్ మొదలుపెట్టకముందే, మేనేజ్ గేమ్ కంటెంట్ తెరిచి ఎక్స్‌పాన్షన్ పేరు అక్కడ ఉందో లేదో చూసుకోండి. మోగ్ చచ్చేదాకా ఆగితే ఏ షాపు గడువూ మిగలదు. విచర్ 3 పాత ఎక్స్‌పాన్షన్ డబ్బాలు, గ్వెంట్ అనే ఆట కార్డులతో వచ్చినవి, వాటిల్లో కూడా ఉండేది కోడే, కార్డుల కోసం కొనేవాళ్ళు కొనండి గానీ ఆట కోసం కాదు. మెస్మర్ అనే ఎక్స్‌పాన్షన్ బాస్ బొమ్మతో వచ్చిన ఎల్డెన్ రింగ్ కలెక్టర్స్ ఎడిషన్ కూడా ఎవరైనా వాడింది అమ్ముతుంటే అదే సంగతి.

ఎక్స్‌పాన్షన్ ఎలా ఉంది అని అడుగుతున్నారు కొందరు. నాకు చాలా నచ్చింది, అందుకే ఇంత బాధపడ్డా. నూట యాభై లెవెల్‌తో వెళ్ళినా మొదటి గంటలో ప్రతివాడూ రెండు దెబ్బల్లో చంపేస్తాడు, కంగారుపడకండి, అక్కడ మన పాత లెవెల్ కంటే, ఏరుకుని బలం పెంచుకునే స్కాడుట్రీ ఫ్రాగ్మెంట్స్ ముఖ్యం, మొత్తం యాభై ఉంటాయి, బాస్‌ల జోలికి పోకముందు తిరిగి ఏరుకోండి. డాన్సింగ్ లయన్ అనే బాస్ మొదటిసారి మెడ తిప్పుతూ ఆడుతూ మీదికి వచ్చినప్పుడు మా చెల్లి సోఫా మీద నిలబడి చూసింది.

ఎవరైనా ఇలాంటి డబ్బా కొనే ఆలోచనలో ఉంటే ముందు అట్ట, వెనక అట్ట, వెన్ను మీదున్న నంబర్ మూడూ కనిపించేలా ఫోటో తీసి పెట్టండి, షాపులో నిలబడి ఉన్నా పర్లేదు, నేను చూడగానే చెప్తా.