కొర్రమీనుకి ఏ ఫ్రాగ్ కొనాలి? కాలవల్లో బాగా వాడి చూశాక

ముందే చెప్పేస్తున్నా. బెజవాడ, గుంటూరు చుట్టుపక్కల కాలవల్లో, డ్రెయిన్లలో కొర్రమీను కోసం నీటిపైన ఆడించే లూర్ (బతికిన ఎర బదులు వాడే కృత్రిమ ఎర) ఒక్కటే కొనే బడ్జెట్ ఉంటే, లోపల బోలుగా ఉండే మెత్తటి ఫ్రాగ్, అంటే రబ్బరు కప్ప కొనండి. తెల్ల పొట్టది, చిన్న సైజుది. పాపర్లు, స్టిక్ బెయిట్లు, బజ్‌బెయిట్లు లాంటి మిగతా రకాల లూర్లు తర్వాత చూసుకోవచ్చు, అసలు చూసుకోకపోయినా పెద్ద నష్టం లేదు. కొన్నేళ్లుగా వీటన్నిటినీ మార్చి మార్చి వేసి, కొన్నిటిని గుర్రపుడెక్కకి సమర్పించుకుని, కొన్నిటిని కొర్రమీను పళ్లకి అప్పగించి రాస్తున్నాను కాబట్టి కాస్త పొడవుగానే ఉంటుంది, ఓపిక ఉన్నవాళ్లు చదవండి.

అసలు ఈ గందరగోళం ఎక్కడ మొదలవుతుందంటే, మనమంతా ఫోన్లో చూసేది అమెరికా వాళ్ల బాస్ ఫిషింగ్ వీడియోలు. ఆ బాస్, అంటే లార్జ్‌మౌత్ బాస్, మన కాలవల్లో దొరికే చేప కాదు, ఈ లూర్లలో చాలావరకు దానికోసం పుట్టినవే. మిషిగన్‌లో డొవాజియాక్ అనే ఊళ్లో జేమ్స్ హెడన్ అనే ఆయన చెక్కతో కప్పలు చెక్కి బాస్‌కి వేసేవాడట, ఆయన పేరు మీద ఉన్న కంపెనీదే ఇప్పటికీ అందరూ చెప్పుకునే జారా స్పూక్ అనే స్టిక్ బెయిట్. బాస్‌కి పనికొచ్చే రూల్స్‌లో కొన్ని మన కొర్రమీనుకి అచ్చంగా సరిపోతాయి. రెండూ గడ్డిలోనో ఆకుల నీడలోనో పొంచి ఉండి మీదపడే రకాలే. కానీ బాస్ నోరు తెరిచి నీళ్లతోపాటు ఎరను లోపలికి లాగేసుకుంటుంది, కొర్రమీను వచ్చి కరుస్తుంది. పైగా ఇది గాలి పీల్చే చేప. కాసేపటికొకసారి పైకొచ్చి గుటుక్కున గాలి మింగి కిందకి పోతుంది, అంటే తానెక్కడుందో తనే చెప్పేస్తుంది. బాస్ వాళ్లకి ఆ సుఖం లేదు.

ఇంకో తేడా సీజన్. అక్కడివాళ్లు నీళ్లు 15, 16 డిగ్రీలు దాటాక గానీ టాప్‌వాటర్ (నీటిపైన ఆడే) లూర్లు బయటకి తీయరు. మనకి సంక్రాంతి చలిలో కూడా కాలవ నీళ్లు అంత చల్లబడవు కాబట్టి ఆ లెక్క ఇక్కడ అనవసరం. ఇక్కడ సీజన్ బ్యారేజీ గేట్ల చేతిలో ఉంటుంది. వేసవిలో డెల్టా కాలవలకి నీళ్లు కట్టేస్తారు, మళ్లీ తొలకరి వేళకి వదులుతారు. బందరు కాలవ, రైవస్ కాలవ, ఇటు కొమ్మమూరు కాలవ నిండుగా పారుతున్నప్పుడు నడిమధ్యలో ఏ లూర్ వేసినా కొట్టుకుపోవడమే, చేప పిల్లకాలవల్లోకీ డ్రెయిన్లలోకీ గుర్రపుడెక్క కిందకీ పోయి కూర్చుంటుంది. నీళ్లు ఆగాక లాకుల కింద, వంతెనల కింద మిగిలిన గుంటల్లో ఉంటుంది. ఏ లూర్ కొనాలన్నది ఈ రెండు పరిస్థితులని బట్టే ఉంటుంది, లూర్ అందాన్ని బట్టి కాదు.

ఇక ఫ్రాగ్ సంగతి. కొనేటప్పుడు బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కండి. ఈ రకం ఫ్రాగ్‌కి రెండు హుక్కులు వీపుకి అటూ ఇటూ ఆనుకుని, మొనలు పైకి ఉంటాయి. అందుకే గడ్డికి తగులుకోదు. చేప కరిచినప్పుడు ఒళ్లు అణిగిపోయి మొనలు బయటపడాలి. తేలిగ్గా నొక్కినా మొనలు పూర్తిగా కనిపిస్తే తీసుకోండి, బలం పెడితే గానీ అణగకపోతే అక్కడే పెట్టేసి రండి. చలికాలం పొద్దున్నే ఆ రబ్బరు ఇంకాస్త బిగుసుకుంటుంది, అప్పుడు కరిచిన చేపల్లో సగం వదిలేసి పోతాయి.

ఇంటికొచ్చాక బకెట్ నీళ్లలో పడేసి చూడండి. ఎలా పడ్డా పొట్ట కిందకి తిరిగి, వెనకభాగం కొంచెం మునిగి, మూతి పైకెత్తి కూర్చోవాలి. వెల్లకిలా పడి అలాగే తేలేదైతే ప్రతి కాస్ట్‌కీ (విసురుకీ) మీరే దాన్ని లాగి లాగి తిప్పాలి, ఈలోపు చేప కాస్తా వెళ్లిపోతుంది. నీళ్లు పట్టడం మాత్రం అన్ని ఫ్రాగ్‌లకీ ఉన్న రోగమే. ముక్కు రంధ్రంలోంచో, కాళ్లలా వేలాడే రబ్బరు కుచ్చులు దూర్చిన చోటు నుంచో లోపలికి పోతాయి. నాలుగు కాస్టులకోసారి పిండేసి మళ్లీ వేయాలి. మంచి ఫ్రాగ్ అయితే పదికోసారి పిండితే చాలు, తేడా అంతే.

నేను మొదట్లో ఆన్‌లైన్‌లో 150 రూపాయలవి డజన్ల లెక్కన తెప్పించాను. కంపెనీ పేరు ఎందుకులెండి, అన్నీ ఒకే అచ్చులోంచి వచ్చినట్టే ఉంటాయి. రబ్బరు బాగానే ఉంది, మెత్తగానే ఉంది, కానీ హుక్కు తీగ మరీ సన్నం. దుగ్గిరాల వైపు ఒక డ్రెయిన్లో కిలోకి పైబడ్డ చేప తగిలి గుర్రపుడెక్క వేళ్లలోకి దూరితే, బలంగా లాగేసరికి హుక్కు మెల్లగా విచ్చుకుని తిన్నగా అయిపోయింది. చేతికి ఉత్త ఫ్రాగే వచ్చింది. మరీ చవకది కొంటే హుక్కు మందం ఒకటికి రెండుసార్లు చూసుకోండి. ఖరీదైన వాటిలో నేను ఎక్కువగా వాడింది స్ప్రో కంపెనీ వాళ్ల బ్రాంజై 65 అనే ఫ్రాగ్. డీన్ రోహాస్ అనే బాస్ ప్రొఫెషనల్ చేతుల మీదుగా వచ్చిన డిజైన్. హుక్కు గమకట్సు అనే జపాన్ కంపెనీది, దాని గురించి ఎలాంటి టెన్షన్ అక్కర్లేదు, ఒళ్లు కూడా చక్కగా అణుగుతుంది. కానీ 65 అంటే 65 మిల్లీమీటర్లు, బాస్ నోటికి సరిపోయే సైజు. మన దగ్గర ఎక్కువగా తగిలే అరకిలో, ముప్పావు కిలో చేపలకి అది కాస్త పెద్దదే. ఆ ధరకి రెండు చిన్నవి కొనుక్కుంటే మన కాలవలకి ఎక్కువ ఉపయోగం అని నా అభిప్రాయం.

చిన్నవంటే జంప్ ఫ్రాగ్‌లు. నాలుగైదు సెంటీమీటర్ల ఒళ్లు, తోక దగ్గర చిన్న స్పిన్నర్ రేకు. ఇవి మలేసియా, థాయిలాండ్ వైపు బాగా వాడతారు, మలేసియా వాళ్లు హరువాన్ అని వెంటపడేది మన కొర్రమీనునే. కాబట్టి మన చేప నోరు చూసి చేసిన లూర్ కావాలంటే అమెరికా వైపు కాదు, అటు చూడాలి. నాచు పలచగా ఉన్న చోట, తామరాకుల సందుల్లో వీటిని మించింది లేదు. ఒక్కటే చిక్కు, గుర్రపుడెక్క వేళ్లు ఆ రేకుకి చుట్టుకుంటాయి. దట్టంగా ఉన్న చోటికి రేకు ఊడదీసి వేస్తాను. దట్టమైన చోట తేలిక ఫ్రాగ్ కూడా పనికిరాదు, ఆకుల మీద గాల్లో నడిచినట్టు పోతుంది, కింద ఉన్న చేపకి దాని జాడే తెలియదు. కాళ్ల రంధ్రంలోంచి రెండు సీసం గుళ్లు లోపలికి దూరిస్తే ఆకు మీద నొక్కుకుంటూ వస్తుంది.

కాళ్ల కుచ్చులు ఎంత పొడవుంటే అంత అందం, అంత నష్టం. కొర్రమీను ఆ కుచ్చు పట్టుకుని లాగేసి పోతుంది, హుక్కు దాకా రాదు. అంగుళం ఉంచి కత్తిరించేయండి.

రంగు గురించి జనం అడిగినంతగా ఇంకేదీ అడగరు. చేప కింద నుంచి చూస్తుందండీ, వీపు మీద ఆకుపచ్చ చుక్కలు, బంగారు కళ్లు, ఆ పెయింటింగ్ అంతా కొనేవాడి కోసం. పగటిపూట తెల్ల పొట్ట. తెల్లవారుజామున, మసక వెలుతుర్లో, కొత్త నీళ్లు వచ్చి ఎర్రగా బురదగా ఉన్నప్పుడు నల్లది, ఎందుకంటే ఆకాశం మీద నల్ల ఆకారం స్పష్టంగా కనిపిస్తుంది. ఇంతకుమించి రంగుల కోసం డబ్బు తగలేయకండి.

మా తెనాలి బాబాయికి ఇవేవీ నచ్చవు. వెదురు కర్ర, గట్టి దారం, బతికిన కప్ప, అంతే ఆయన సరంజామా. "ఒరేయ్, నీ రబ్బరు కప్పకి ప్రాణం ఏదిరా?" అంటాడు. "నీ కప్పకి ఒక్కసారే బాబాయ్ ప్రాణం, నాది పొద్దుటి నుంచి ఈదుతూనే ఉంది" అంటే నవ్వుతాడు గానీ ఒప్పుకోడు. ఆయన్ని చూసి నేర్చుకున్నది ఒకటుంది. చేప గాలికి పైకొచ్చిన చోట నెత్తిమీద వేయడు. దానికి రెండు గజాలు అవతల వేసి, ఆ చోటి పక్కగా వచ్చేలా లాగుతాడు. రబ్బరు కప్పకైనా అదే పద్ధతి.

దెబ్బ పడ్డప్పుడు ఏం చేయాలన్నది లూర్ కంటే ముఖ్యం. మీరు ఫ్రాగ్‌ని రెండు గుంజులు గుంజి ఆపుతారు. కాసేపు ఏమీ ఉండదు. తర్వాత దాని వెనక ఆకు ఒకటి కదులుతుంది, పక్కది కదులుతుంది, మీ గుండె దడదడ మొదలవుతుంది, అంతలో చప్‌మని ఒక బొక్క పడి ఫ్రాగ్ మాయం. చాలామంది ఆ చప్పుడుకే లాగేస్తారు, అప్పుడు ఫ్రాగ్ తిరిగొచ్చి వాళ్ల మొహం మీదే పడుతుంది. వీడియోల్లో ఒకటి, రెండు అని లెక్కపెట్టమంటారు. నేను లెక్కపెట్టను, దారం బిగిసి పక్కకి పోవడం చూస్తాను. అది కనిపించగానే రాడ్ ఎత్తి బలంగా కొట్టాలి, ఎందుకంటే దాని నోరంతా ఎముకే. 40 లేదా 50 పౌండ్ల బరువు తట్టుకునే బ్రెయిడ్ లైన్ (అల్లిన దారం), బిరుసుగా ఉండే 7 అడుగుల రాడ్ ఉండాలి. నైలాన్ దారం సాగుతుంది కాబట్టి ఈ పనికి వద్దు.

మృగశిర కార్తె దగ్గర కొర్రమీను ధర కొండెక్కుతుంది, సరిగ్గా అదే వానల్లో అది గుడ్లు పెట్టి పిల్లల్ని చేసేది. ఎర్రటి పిల్లలు గుంపుగా నీటిపైన బుడబుడలాడుతుంటే కింద తల్లీతండ్రీ కాపలా ఉంటాయి. ఆ గుంపు మీద ఏ చెత్త లూర్ వేసినా కోపంతో కరుస్తాయి, అది లూర్ గొప్పా కాదు, వేసినవాడి గొప్పా కాదు. పెద్దవి పోతే ఆ పిల్లల్ని మిగతా చేపలు మిగల్చవు. నేనైతే వేయను, పక్కన ఎవరైనా వేస్తుంటే చెబుతాను, విన్నవాళ్లూ ఉన్నారు, తిట్టినవాళ్లూ ఉన్నారు.

దాచే పద్ధతి కూడా చూసుకోండి. రోహిణి కార్తె ఎండలో బండి డిక్కీలో ఫ్రాగ్‌లు వదిలేస్తే ఒళ్లు వంకరపోతుంది, హుక్కు ఆనిన చోట గాడి పడి అలాగే ఉండిపోతుంది. మెత్తటి ప్లాస్టిక్ పురుగు లూర్లతో కలిపి ఒకే అరలో పెడితే రెండూ అంటుకుని జిగటైపోయే ప్రమాదం కూడా ఉంది. పళ్లు దిగి చిరిగిన చోట క్విక్ జిగురు వేస్తే గట్టిపడి మళ్లీ అక్కడే పగులుతుంది, దానికంటే ఆ ఫ్రాగ్ హుక్కు తీసి దాచుకోవడం మేలు.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. బజ్‌బెయిట్, అంటే లాగుతుంటే రెక్క గిరగిరా తిరిగి నీళ్లు చిమ్మే రకం, అక్కడక్కడా గడ్డి ఉన్న నీళ్లలో చేపని లేపుతుంది, కానీ ఆపితే మునిగిపోతుంది కాబట్టి లాగుతూనే ఉండాలి, కొర్రమీనేమో పరుగెత్తే దాన్ని తరచూ గురితప్పి కరుస్తుంది. పాపర్ మాత్రం వేసవిలో నీళ్లు ఆగిన గుంటల్లో నిజంగా బాగుంటుంది, ఆకు లేని నీళ్లలో దాని బుడుంగుమనే చప్పుడుకి చేప దూరం నుంచి వస్తుంది. మూడు ముళ్ల ట్రెబుల్ హుక్కులు తీసేసి ఒంటి హుక్కులు వేసుకోండి, లేకపోతే ఊళ్లో కాలవలో ప్లాస్టిక్ కవర్లు, గోనెసంచులు, ఎండిన పూలదండలు తప్ప ఏమీ రావు. ఇక స్టిక్ బెయిట్, ఆ తల అటూ ఇటూ ఊపుతూ నడిచే రకం, బాస్ వాళ్లకి విశాలమైన నీళ్లలో ప్రాణం. మన కొర్రమీను విశాలమైన లోతు నీళ్లలో తిరగదు. నా దగ్గరున్నది గీత కూడా పడకుండా కొత్తదానిలా ఉంది, ఎవరికైనా కావాలంటే సగం ధరకి ఇచ్చేస్తాను, డబ్బా కూడా ఉంది.