పది అయ్యాక ఇంటరా, పాలిటెక్నిక్కా?

మాది పల్నాడులో ఒక మండల కేంద్రం. బస్టాండ్ ఎదురుగా జిరాక్సు, నెట్ సెంటర్ నడుపుతాను. పాలిటెక్నిక్ ఎంట్రన్సు పాలిసెట్‌కు అప్లికేషన్లు మొదలైన రోజు నుంచి, కాలేజీలు ఎంచుకునే వెబ్ ఆప్షన్లు ముగిసేదాకా నా కౌంటర్ దగ్గర ఒకటే ప్రశ్న: "బాబూ, మావాణ్ణి ఇంటర్లో వెయ్యనా, పాలిటెక్నిక్‌లో వెయ్యనా?" ఇన్నేళ్లూ ఒక్కొక్కరికీ విడివిడిగా చెబుతూ వచ్చాను. ఈసారి మా ఇంట్లోనే పదో తరగతి పిల్లాడు ఉన్నాడు కాబట్టి కూర్చుని రాస్తున్నాను.

ముందు లెక్క ఒకటి సరిచూద్దాం. పాలిటెక్నిక్ మూడేళ్లు కాబట్టి ఇంటర్ కన్నా ఒక ఏడాది దండగ అనుకుంటారు చాలామంది. ఇంటర్ రెండేళ్లు, బీటెక్ నాలుగేళ్లు, మొత్తం ఆరు. పాలిటెక్నిక్ డిప్లొమా మూడేళ్లు, ఆ పైన డిప్లొమా వాళ్ల ఎంట్రన్సు ఈసెట్ రాసి నేరుగా బీటెక్ రెండో సంవత్సరంలో చేరితే ఇంకో మూడేళ్లు. అదీ ఆరే. చివరి మెట్టు దాకా ఎక్కేవాడికి ఏ దారైనా ఒకటే దూరం.

తేడా అంతా మధ్యలో ఆగిపోయినవాడి దగ్గర కనిపిస్తుంది. నా మటుకు నాకు తేల్చేది ఇదొక్కటే. ఇంటర్లో చేర్చేవాళ్లు ఎవరూ మావాడు మధ్యలో ఆగిపోతాడని అనుకోరు. మా నాన్న కూడా అనుకోలేదు.

నా ఇంటర్ 2003లో అయింది. ఎంపీసీ, మంచి మార్కులే. ఎంసెట్‌లో ర్యాంకు కూడా వచ్చింది. కౌన్సెలింగ్ పిలుపు వచ్చే లోపు నాన్నకు పక్షవాతం వచ్చింది. ఫీజు రీయింబర్స్‌మెంట్ మాలాంటి వాళ్లకు అప్పటికింకా లేదు. ఇంటర్ మార్కుల మెమో పట్టుకుని పని కోసం తిరిగితే ప్రతిచోటా "టైపు వచ్చా?", "బండి లైసెన్సు ఉందా?" అన్నారే తప్ప, నాకు ఇంటిగ్రేషన్ వచ్చా అని ఎవరూ అడగలేదు. అలా జిరాక్సు మిషను దగ్గర చేరాను.

మా తమ్ముడు అప్పటికే ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రికల్ మొదటి సంవత్సరంలో ఉన్నాడు. ఫీజు తక్కువ కాబట్టి వాడి చదువు ఆగలేదు. పంతొమ్మిదో ఏట డిప్లొమా చేతికి రాగానే ఒక కరెంటు కాంట్రాక్టరు దగ్గర సైటు చూసుకునే పనిలో చేరాడు. మొదటి జీతంలో సగం నాన్న మందులకే పోయింది. రెండేళ్లు అలా లాక్కొచ్చాక ఈసెట్ రాసి బీటెక్‌లో చేరాడు. ఒక్క ఇంట్లో, ఒక్క కష్టంలో, ఇద్దరం రెండు కాగితాలతో బయటికి వచ్చాం. నేను చెప్పేదానికి ఇంతకన్నా రుజువు నా దగ్గర లేదు. ఇది పక్షపాతం అంటే కాదనను.

డిప్లొమా అయిన పిల్లాడికి పద్దెనిమిది, పంతొమ్మిదేళ్లకే తలుపులు తెరుచుకుంటాయి. రైల్వే జూనియర్ ఇంజినీర్ పోస్టుకు డిప్లొమా చాలు. ఏడో వేతన సంఘం ప్రకారం మొదటి మూలవేతనం 35,400 రూపాయలు. బీటెక్ వాళ్లూ అదే పరీక్ష రాస్తారు కాబట్టి పోటీ మాత్రం గట్టిదే. అప్రెంటిస్‌గా చేరినా, 2019 నిబంధనల్లో డిగ్రీ వాళ్లకు పెట్టిన కనీస స్టైపెండు నెలకు 9 వేలైతే డిప్లొమా వాళ్లకు 8 వేలు. వెయ్యి రూపాయలే తేడా.

ఇంత చెప్పాక ఇంటర్ వైపు కూడా న్యాయంగా మాట్లాడాలి. మీ పిల్లాడు లెక్కలంటే ప్రాణం పెట్టేవాడై, ఐఐటీ, ఎన్ఐటీ కావాలని తనంతట తాను అంటుంటే ఇంటరే చేర్చండి. వాటి ఎంట్రన్సు జేఈఈ సిలబస్ ఇంటర్ పుస్తకాల చుట్టూనే తిరుగుతుంది. ఐఐటీల్లో మధ్యలో చేరే లేటరల్ ఎంట్రీ లేదు. ఎన్డీఏ రాసి సైన్యంలో ఆఫీసరు కావాలన్నా ఇంటరే కావాలి. డాక్టరు చదువు సంగతి చెప్పనక్కర్లేదు. ఏం కావాలో ఇంకా తేలనివాడికి కూడా ఇంటర్ నయం. పదిహేనేళ్లకే సివిలా, మెకానికలా అని తేల్చుకోమంటే ఎవడికి తెలుస్తుంది? డిప్లొమాలో తీసుకున్న బ్రాంచే చాలావరకు రేపు బీటెక్‌లోనూ వెంట వస్తుంది, మార్చుకోవడం తేలిక కాదు.

అలాగని ఇంటర్ అంటే లక్షలు పోసి హాస్టల్లో వెయ్యడమే అనుకోవద్దు. ప్రభుత్వ జూనియర్ కాలేజీల్లో 2025 జనవరి నుంచి మధ్యాహ్న భోజనం కూడా పెడుతున్నారు. హాస్టల్లో వేసిన పిల్లలను దసరా సెలవుల్లో మా సెంటర్‌కు ఏదో పని మీద తీసుకొస్తుంటారు. కొందరు కుర్చీలో కూర్చునే నిద్రపోతారు. అంతకుమించి దాని గురించి రాయను.

ఇక పాలిటెక్నిక్‌లో నన్ను భయపెట్టేది మొదటి సంవత్సరం లెక్కలు, పిల్లల భాషలో ఎమ్-వన్. ఇంటర్ వాళ్లు రెండేళ్లలో నెమ్మదిగా చదివే మాత్రికలు, త్రికోణమితి, అవకలనం ఇక్కడ గబగబా అయిపోతాయి, అదీ ఇంగ్లీషులో. పదిదాకా తెలుగు మీడియం చదివిన పిల్లలు ఇక్కడే జారిపోతారు. సప్లిమెంటరీ ఫీజు కట్టడానికి వచ్చిన పిల్లాణ్ణి "ఏ సబ్జెక్టురా?" అని అడగకుండానే చెప్పేస్తాను. సెలవుల్లోనే ఇంటర్ మొదటి సంవత్సరం లెక్కల పుస్తకం పాతది కొని చదివిస్తే సగం టెన్షన్ తగ్గుతుంది.

ఈసెట్ కూడా గాలివాటం కాదు. 200 మార్కుల్లో బ్రాంచి సబ్జెక్టులకు 100, లెక్కలకు 50, ఫిజిక్సు, కెమిస్ట్రీలకు చెరి 25. లేటరల్ ఎంట్రీకి కాలేజీకి పది శాతం సీట్లే అదనంగా ఉంటాయి. వాటికి తోడు మొదటి సంవత్సరంలో మిగిలిపోయినవి. పేరున్న కాలేజీల్లో మిగలవు.

సీటు దగ్గరే జనం ఇంకో తప్పు చేస్తారు. పోయినేడు ఒకాయన కూతుర్ని తీసుకుని వచ్చాడు. వెబ్ ఆప్షన్లకు అదే ఆఖరి సాయంత్రం. తెరమీద వేలు పెట్టి "కంప్యూటర్సు ఎక్కడ వచ్చినా పర్లేదు, పెట్టెయ్యి" అన్నాడు. ఆ పిల్ల మాత్రం నన్ను మెల్లగా అడిగింది: "అన్నా, ఈ కాలేజీకి మా ఊరి నుంచి బస్సు ఉందా?" లేదు, రెండు మారాలి. గుంటూరు మహిళా పాలిటెక్నిక్‌ను పైకి జరిపాం. బ్రాంచి ఏదైనా వర్క్‌షాపులో మిషన్లు తిరిగే ప్రభుత్వ కాలేజీ ముందు, కంప్యూటర్లున్నా క్లాసులు జరగని ప్రైవేటు కాలేజీ తర్వాత. నేను ఆప్షన్లు పెట్టే వరస ఇదే. అందరూ ఒప్పుకోరు.

మిగతా దారుల గురించి రెండు మాటలు. పదిలో మార్కులు బాగా వచ్చి నూజివీడు, ఇడుపులపాయ, ఒంగోలు, శ్రీకాకుళం ట్రిపుల్ ఐటీల్లో సీటు వస్తే ఇంటరా, పాలిటెక్నిక్కా అని నన్ను అడక్కండి, వెళ్లి చేరండి. ఆరేళ్ల చదువు, ఎంట్రన్సు గొడవ కూడా లేదు. ఐటీఐ చేతిపని ఇష్టమైనవాడికి మంచిదే. గూడూరులో సిరామిక్ డిప్లొమా ఉందని చాలామందికి తెలియదు, ఆసక్తి ఉంటే చూడండి.

మావాడికి ట్రిపుల్ ఐటీ అందలేదు. ఇంటర్ వద్దన్నది నేనే, వాడు కాదు. రెండు రోజులు ముఖం ముడుచుకుని, మూడో రోజు బాబాయితో ఫోన్లో అరగంట మాట్లాడాడు. తర్వాత వచ్చి ఎలక్ట్రికల్ పెట్టమన్నాడు. సీటు వచ్చింది, సోమవారం నుంచి క్లాసులు. తమ్ముడు ఇంజినీరింగ్ డ్రాయింగు గీసుకున్న డ్రాఫ్టరు ఇంకా అటక మీదే ఉంది. దించి చూస్తే స్కేళ్లు బాగానే ఉన్నాయి గానీ బిగించే స్క్రూ తుప్పు పట్టింది. రేపు హార్డ్‌వేర్ షాపులో అడగాలి.