రాయలచెరువు గట్టున బ్లేడెడ్ జిగ్: నెల రోజుల వాడకం

అమెరికాలో బాస్ చేపల కోసం రూపొందిన బ్లేడెడ్ జిగ్‌లనే రేకు బిగించిన కృత్రిమ ఎరలను తిరుపతిలోని ఒక దుకాణంలో రెండు కొని, రాయలచెరువులో గుత్తదారుల అనుమతితో కొరమీను కోసం నెల రోజులు వాడి చూశాను. సీసపు తల ముందు తగిలించిన ఆరు పలకల లోహపు రేకు నీటి ఒత్తిడికి అటూ ఇటూ కొట్టుకోవడం వల్ల పుట్టే అదురు తంగూసు వెంట గాలపు కర్ర పిడిదాకా పాకుతుంది. అది హఠాత్తుగా ఆగిందంటే రేకుకు నాచు చుట్టుకున్నట్టు, లేదా చేప కరచుకున్నట్టు. ఎర నీటిలో పడగానే కర్రను ఒక్కసారి చురుగ్గా లాగితేనే రేకు కదలడం మొదలవుతుంది, ఆ తరువాత రీలును నిదానంగా చుట్టడమే మేలు. దీని సత్తా బురద నీటిలో తెలుస్తుంది, ఎందుకంటే ఎర కంటికి ఆనకపోయినా చేప ఆ అదురును పసిగట్టగలదు. సుమారు 10 గ్రాముల ఈ జిగ్‌కు 7 అడుగుల, మధ్యస్థంగా వంగే కర్ర చక్కగా సరిపోయింది. బిరుసు కర్రతో మాత్రం రెండుసార్లు చేప నోట్లోంచి గాలం ఊడివచ్చింది. గాలం మొన బయటికే ఉంటుంది గనుక తామరాకుల మధ్య ఇది పనికిరాదు, అక్కడ నాకు రబ్బరు కప్ప ఎరే నయం. కొన్న రెండింటిలో ఒకదాని గాలం మొద్దుగా ఉండడంతో ఆకురాయితో సానపట్టుకోవలసి వచ్చింది.